మోకాలు: గాయం, వైద్యం, తిరిగి నడక
(స్నాతకోత్సవ ప్రసంగం)

మనిషి దేహంలో అతి పెద్ద కీలు మోకాలు. పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందు చిప్ప: ఇదీ దాని నిర్మాణం. తుంటి దగ్గర తొడ ఎముక తల లోతైన గుంటలో కుదురుగా కూర్చుంటుంది. మోకాలికి అలాంటి గుంట లేదు. గుండ్రటి ఎముక చివర దాదాపు చదునైన ఎముక మీద నిలబడాలి. ఆ నిలకడను ఇచ్చేవి నాలుగు లిగమెంట్లు, రెండు ఎముకల నడుమ నెలవంక ఆకారంలో ఉండే రెండు మెనిస్కస్‌లు, చుట్టూ ఉన్న కండరాలు. వీటిలో కీలు మధ్యలో ఉండే లిగమెంటు పూర్తిగా తెగితే చాలాసార్లు దానంతట అది అతకదు. మెనిస్కస్ లోపలి భాగానికి రక్తం అందదు కనుక అక్కడి చీలిక మానడం కష్టం. కండరం మాత్రం ఏ వయసులోనైనా, సాధన చేస్తే బలపడుతుంది. మోకాలి గాయాన్ని నివారించడానికైనా, నయం చేయడానికైనా, మళ్లీ పనిలోకి దిగడానికైనా ఆధారం ఈ ఒక్క నిజమే.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంక గ్రామాల్లో మోకాలి మీద కూలి ఆధారపడి ఉంది. సార్వాకూ దాళ్వాకూ ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్లు, చెరువుల్లో పట్టుబడికి దిగి వల లాగే మనుషులు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే ముఠా కార్మికులు, ఏలూరులో మగ్గం ముందు గంటల తరబడి కూర్చుని తివాచీలు నేసేవాళ్లు, అందరూ మోకాళ్ల మీదే బతుకుతున్నారు. వీళ్లలో ఒకరికి మోకాలు దెబ్బతింటే ఆ ఇంటికి ఆ సీజను పోయినట్టే.

గాయం ఎలా అవుతుందో దమ్ము చేసిన మడిలో చూడవచ్చు. ఊడ్చే మనిషి పాదం చీలమండ దాటి బురదలో కూరుకుపోయి ఉంటుంది. నారుకట్ట అందుకోవడానికి ఆమె చటుక్కున పక్కకు తిరిగితే నడుము తిరుగుతుంది, తొడ తిరుగుతుంది, పాదం తిరగదు. ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. సంక్రాంతి కబడ్డీ పోటీల్లోనూ జరిగేది ఇదే. కూతకు వెళ్లిన ఆటగాడి చీలమండను ఎదుటివాళ్లు ఒడిసిపట్టగానే అతను గీత వైపు ఒళ్లు విదిలిస్తాడు. పాదం కదలకుండా మోకాలు లోపలికి వాలి మెలిపడినప్పుడు తెగేది ముందరి క్రూసియేట్ లిగమెంట్, అంటే ఏసీఎల్. మోటారు సైకిల్ మీద నుంచి వంచిన మోకాలి కింది భాగం నేలకు కొట్టుకునేలా పడితే వెనుక లిగమెంట్, పీసీఎల్, తెగుతుంది. బస్తాతో గొంతుకూర్చుని లేస్తూ పక్కకు తిరిగితే మెనిస్కస్ చీలుతుంది.

గాయాన్ని గుర్తించడంలో రోగి చెప్పే మాటే సగం పరీక్ష. లోపల ‘టప్’మని వినిపించి, రెండు మూడు గంటల్లోనే మోకాలు ఉబ్బితే కీలులోకి రక్తం చేరిందని అర్థం, ఏసీఎల్‌ను అనుమానించాలి. వాపు మర్నాటికి నెమ్మదిగా వస్తే మెనిస్కస్ కావచ్చు. మోకాలు పట్టేసి చాపడానికి రాకపోతే చీలిన ముక్క కీలులో అడ్డం పడి ఉండవచ్చు. నడుస్తుంటే కాలు జారిపోయినట్టు అవుతుందంటే లిగమెంట్ పట్టు తప్పి ఉండవచ్చు. ఎక్స్‌రే ఎవరికి అవసరమో తేల్చడానికి 1995లో కెనడా వైద్యులు ఒట్టావా నియమాలను ప్రకటించారు: వయసు 55 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయినా, నాలుగడుగులు వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీలు వంగకపోయినా, చిప్ప మీదో మోకాలి బయటి పక్క ఎముక తల మీదో నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. లిగమెంట్లు ఎక్స్‌రేలో కనిపించవు. వాటికి అనుభవమున్న చేతి పరీక్ష, ఆ తర్వాత అవసరమైతే ఎంఆర్ఐ.

రెండు సందర్భాల్లో ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. మోకాలు పూర్తిగా తొలిగి, పాదం చల్లబడి మొద్దుబారితే వెనుక రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు. సుమారు ఆరు గంటల్లో రక్తప్రసరణ నిలబెట్టకపోతే కాలు పోయే ప్రమాదం ఉంది. చేప ముల్లో మేకో గుచ్చుకున్న తర్వాత మోకాలు వేడెక్కి, ఎర్రబడి, జ్వరం వస్తే కీలులో చీము పట్టినట్టు అనుమానించాలి. రెండింటికీ 108ని పిలవడమే మొదటి చికిత్స.

మిగతా గాయాలకు మొదటి రెండు మూడు రోజుల్లో చేయవలసింది తక్కువే, చేయకూడనివే ఎక్కువ. ఆట గానీ పని గానీ వెంటనే ఆపాలి. కొల్లేరు ఊళ్లలో ఐసుకు కొదవ లేదు. చేపల పెట్టెల కోసం వాడే ఐసునే గుడ్డలో చుట్టి పావుగంట చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పెట్టవచ్చు. సాగే బ్యాండేజీ వదులుగా కాకుండా, బిగుసుకోకుండా చుట్టి, కాలు గుండె కంటే ఎత్తులో ఉంచాలి. తాజా వాపు మీద కాపడం పెట్టకూడదు, గట్టిగా మర్దన చేయకూడదు. బిగించి కట్టే నాటు కట్టు రక్తప్రసరణను ఆపగలదు. కట్టు కింద వేళ్లు తిమ్మిరెక్కితే తక్షణం విప్పాలి. మందుల షాపులో కొన్న నొప్పి మాత్రలతో నెలల తరబడి పని చేసుకుంటూ పోతే కడుపు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

లిగమెంట్ తెగిన ప్రతి మోకాలికీ ఆపరేషన్ అవసరం లేదు. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మంది యువకులు, యువతుల మీద జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. ముందు వ్యాయామం చేయించి, అవసరమైతేనే ఆపరేషన్ అన్న వర్గంలో సగానికి పైగా రెండేళ్ల వరకు ఆపరేషన్ లేకుండానే గడిపారు. ఫలితం ఈ వర్గంలోనూ, మొదట్లోనే ఆపరేషన్ చేసిన వర్గంలోనూ దాదాపు ఒకటే. వయసుతో అరిగి చీలిన మెనిస్కస్‌ను కత్తిరించడం మీద ఫిన్లండ్‌లో 146 మందితో జరిగిన పరీక్ష 2013లో వచ్చింది. నిజంగా కత్తిరించినవారికీ, కోత మాత్రం పెట్టి లోపల ఏమీ తీయనివారికీ ఏడాది తర్వాత తేడా కనిపించలేదు. కాలు పదేపదే జారిపోతున్నా, మెలికలు తిరిగే ఆటకు మళ్లీ వెళ్లాలన్నా, చీలిన మెనిస్కస్ కీలును పట్టేస్తున్నా ఆపరేషన్ మేలు చేస్తుంది. యువకుల్లో మెనిస్కస్‌ను తీసివేయడం కంటే వీలైన చోట కుట్టి నిలపడం మంచిది. తీసివేసిన మోకాలు త్వరగా అరుగుతుంది.

ఆపరేషన్ అయిన రోజు నుంచి అసలు పని మొదలవుతుంది. మొదటి వారాల్లో లక్ష్యాలు రెండే: వాపు తగ్గాలి, మోకాలు పూర్తిగా చాచగలగాలి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదిమి, తొడ కండరం బిగించి అయిదు లెక్కపెట్టాలి, ఆపై వదలాలి. ఈ చిన్న వ్యాయామానికి యంత్రం అక్కర్లేదు, మంచం మీదే చేయవచ్చు. తర్వాత నిటారుగా కాలు ఎత్తడం, కుర్చీ పట్టుకుని సగం కూర్చుని లేవడం, ఒంటికాలి మీద నిలబడటం, మెట్లు, చివర పరుగు, గెంతు. మూడు నాలుగు నెలలకు నొప్పి పోతుంది, నడక బాగుంటుంది. అదే మోసపోయే సమయం. ఆపరేషన్‌లో తెగినదాని బదులు కొత్తగా అమర్చిన లిగమెంట్ అప్పటికి ఇంకా పూర్తి బలం పుంజుకోలేదు. కోతలకో పోటీలకో అప్పుడే దిగినవారికి మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. తొమ్మిది నెలలు నిండాలి, గాయపడిన కాలి బలం రెండో కాలిలో 90 శాతానికి చేరాలి. అప్పుడే ఆటకు అనుమతి.

ఈ ఓర్పుకు తెలుగువాళ్ల మధ్యే సాక్ష్యం ఉంది. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్‌కు 1994లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంట్ తెగింది. ఒకటికి మించి శస్త్రచికిత్సలు జరిగాయి. 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. శస్త్రవైద్యుడు బాగుచేసిన కాలిని ఆ స్థాయికి తీసుకెళ్లింది ఏళ్ల తరబడి సాగిన సాధన.

నివారణ అన్నింటికంటే చౌక. ఫుట్‌బాల్ కోసం ఫిఫా రూపొందించిన ‘11 ప్లస్’ వార్మప్‌కు 20 నిమిషాలు చాలు: పరుగు, కండర బలం, తూకం, గెంతి మోకాలు లోపలికి వాలకుండా దిగడం. నార్వే బాలికలపై 2008లో ప్రచురితమైన పరిశోధనలో దీనివల్ల తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆడపిల్లలకు ఏసీఎల్ తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఎక్కువ కనుక బడి ఆటస్థలంలో వాళ్లకే ఇది ముందుగా అందాలి. నడివయసు వారికి బరువు తగ్గడం మందు: ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనలు చెప్పాయి. ‘గుజ్జు అరిగిపోయింది, కదలొద్దు’ అన్న సలహా హాని చేస్తుంది. అరిగిన మోకాలికీ నడక, తొడ వ్యాయామమే మొదటి చికిత్స. అవి చేసినా నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నప్పుడు కీలు మార్పిడి ఉంది.

మోకాళ్లను కాపాడే బాధ్యత పట్టాలు అందుకునే అందరిదీ. ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాల ఉంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, వైద్యుడు చేరువయ్యాడు. వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు మండల కేంద్రం దాకా రావాలి. 2015లో మొదలైన తాడేపల్లిగూడెం ఎన్ఐటీ ఇంజినీర్లు ఉల్లి బస్తాకు తోపుడు బండి, చెరువు గట్టుకు మెట్లు, మగ్గానికి సరైన ఎత్తు పీట రూపొందించగలరు. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం పట్టభద్రులు తోటల్లో వంగి చేసే పనిని తగ్గించే పనిముట్లు తేగలరు. వైద్యుడు డిశ్చార్జి కాగితం మీద మందులతో పాటు నాలుగు సంగతులు తెలుగులో రాసివ్వాలి: ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పుడు తిరిగి చూపించుకోవాలి, మడిలోకీ చెరువులోకీ ఎప్పుడు దిగవచ్చు.