ఇంట్లోంచే గ్రీసు సినిమా పండుగ



"గ్రీసు దేశంలో సినిమా పండుగ జరిగితే మనకేమిటండీ?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. చింతపండు నానబెట్టామా, పిల్లల బాక్సులు సర్దామా, నీళ్ళ ట్యాంకరు వచ్చిందా అన్న ఆలోచనలతోనే మనకి పొద్దు గడిచిపోతుంది. ఇక గ్రీసు మాట ఎక్కడిది?

అయితే మన అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఉండేవాళ్ళకి సినిమా పరాయి వస్తువేమీ కాదు. అమీర్‌పేటలో ఉన్న సారథీ స్టూడియో సంగతి మీకు తెలిసిందే. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులో, ఆ స్టూడియోలో తీసిన చిత్రం. అక్కడి చిన్న ప్రివ్యూ హాల్లోనే హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వారు ఎన్నో దేశాల చిత్రాలు వేసి చూపించారు. 1986 జనవరిలో 'ఫిల్మోత్సవ్' మన ఊళ్ళోనే జరిగింది. అంటే ప్రపంచ సినిమా మన వీధి చివరిదాకా వచ్చిందన్నమాట. కాని ఇల్లు వదిలి వెళ్ళి చూసిన గృహిణులు ఎందరు? సాయంత్రం ఆట అంటే మనకి కుక్కరు పెట్టే వేళ. ఇంటాయన ఆఫీసునుంచి వచ్చే వేళ. ఆ హాలు ఇప్పుడు టీవీలోకీ ఫోనులోకీ వచ్చి కూర్చుంది గనక, ఈ అవకాశం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

గ్రీసులో థెస్సలొనీకి అనే నగరం ఉంది. రాజధాని ఏథెన్సు తర్వాత పెద్ద ఊరు అదే. సముద్రపు ఒడ్డున ఉంటుంది. 1960లో అక్కడ గ్రీకు సినిమా వారోత్సవం అని మొదలుపెట్టారు. 1992 నుంచి అది అంతర్జాతీయ ఉత్సవమైంది. ఏటా నవంబరులో జరుగుతుంది. 1999 నుంచి డాక్యుమెంటరీలకి మార్చినెలలో వేరే పండుగ చేస్తున్నారు.

2020లో కరోనా వచ్చి లోకమంతా తలుపులు వేసుకుంది కదా. ఆ ఏడు మార్చిలో జరగవలసిన డాక్యుమెంటరీ పండుగని వాయిదా వేసి, మే నెలలో ఆన్‌లైన్‌లో జరిపారు. నవంబరు పండుగ కూడా అలాగే జరిగింది. ఈలోగా వారు మరో మంచి పని చేశారు. ఇంట్లోనే ఉండి, ఇంట్లో ఉన్న మనుషులతోనే చిన్న చిన్న చిత్రాలు తీయమని దర్శకులను అడిగారు. చైనా దర్శకుడు జా జాంగ్‌కె కూడా ఒకటి తీసిచ్చారు. 'స్పేసెస్' అన్న పేరుతో వాటిని యూట్యూబులో అందరికీ ఉచితంగా పెట్టారు. నాలుగు గోడల మధ్య రోజు ఎలా గడుస్తుందో చూపడానికి పెద్ద పెద్ద దర్శకులు అప్పుడు కెమెరా పట్టారు. మనకి ఆ విషయం ఎప్పటినుంచో తెలుసు కదండీ!

ఇక చూడడం ఎలాగో చెబుతాను. పండుగవారి ఆన్‌లైన్ ఆటలు చాలావరకు గ్రీసులో ఉన్నవారికే పరిమితం. మనం టిక్కెట్టు కొనబోతే మీ దేశంలో వీలుకాదని వస్తుంది. సినిమా హక్కులను ఒక్కో దేశానికి విడివిడిగా అమ్ముతారు కాబట్టి ఈ కట్టుబాటు. దానికి నొచ్చుకుని దొంగదారులు వెతక్కండి. పండుగవారి వెబ్‌సైటులో ఇంగ్లీషులో చిత్రాల జాబితా ఉంటుంది. కథ రెండు మూడు వాక్యాల్లో చెబుతారు. పాల లెక్క, చాకలి పద్దు రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలో నచ్చిన పేర్లు నాలుగు రాసిపెట్టుకోండి. ఆ సినిమాలు తర్వాత నెలకింతని చందా కట్టే వేదికల మీదకి వస్తూంటాయి. అప్పుడు పట్టుకోవచ్చు. దర్శకులతో జరిగే మాటామంతీ మాత్రం యూట్యూబులో చాలా దొరుకుతుంది. నవంబరులో అక్కడికంటే మన గడియారం మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం ఏడు గంటలకు జరిగేది మనకి రాత్రి పదిన్నరకన్నమాట. గిన్నెలు కడిగేసి తీరికగా కూర్చునే వేళే.

భాష సంగతో? కింద ఇంగ్లీషులో అక్షరాలు పడతాయి. నాది పదో తరగతి చదువు. మొదట్లో ఒక వాక్యం చదివేలోగా రెండోది వచ్చి పోయేది. ఆపి, చదువుకుని, మళ్ళీ నడిపించేదాన్ని. ఇంట్లో చూడడంలో ఉన్న సుఖం అదే. హాల్లో సినిమాని మనకోసం ఆపరు కదా. నాలుగైదు చిత్రాలయ్యేసరికి కన్ను అలవాటు పడిపోతుంది.

ఏది ముందు చూడాలంటే, 2003లో వచ్చిన 'ఎ టచ్ ఆఫ్ స్పైస్' చూడమంటాను. ఇస్తాంబులులో ఒక తాతగారికి సుగంధద్రవ్యాల కొట్టు. మనవడికి ఆయన మిరియాలు, దాల్చినచెక్క, ఉప్పు చూపించి సూర్యుణ్ణీ గ్రహాలనూ నేర్పుతాడు. 1964లో అక్కడి గ్రీకులను వెళ్ళగొట్టినప్పుడు ఆ కుటుంబం చెదిరిపోతుంది. ఊరు పోయినా వంట మిగులుతుంది. మన పోపులపెట్టె గుర్తుకు రాకుండా ఉండదు. ఆ తర్వాత 2004 నాటి 'బ్రైడ్స్' చూడండి. 1922లో ఏడువందలమంది పెళ్ళికూతుళ్ళు ఫోటోలు చేతపట్టుకుని, ముఖం ఎరగని వరుల కోసం ఓడలో అమెరికా వెళుతూంటారు. మన అమ్మాయిలు ఈనాడు విమానంలో వెళుతున్నారు, అంతే తేడా. థియో ఆంజెలోపులోస్ గారి 'ఎటర్నిటీ అండ్ ఎ డే' 1998లో కాన్ ఉత్సవంలో మొదటి బహుమతి పొందింది. కాని అది చాలా నిదానంగా నడుస్తుంది. అలవాటయ్యాక చూస్తే దాని విలువ తెలుస్తుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మరొక చిత్రం గురించి. తోనియా మార్కెతాకీ అనే మహిళ 1984లో 'ది ప్రైస్ ఆఫ్ లవ్' తీశారు. థియోటోకిస్ అనే రచయిత కథ దానికి ఆధారం. కోర్ఫూ దీవిలో ఒక తల్లి ఫ్యాక్టరీలో కూలిచేసి, తాగుబోతు మొగుణ్ణి భరిస్తూ, కూతురి కట్నానికి డబ్బు కూడబెడుతుంది. కూతురు రీనీ, ఒక చితికిపోయిన పెద్దింటి కుర్రవాడు ఒకరినొకరు ఇష్టపడతారు. అయినా అతను కట్నం చాలదంటాడు. బేరం సాగుతుంది. ఆఖరికి తల్లి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంటుంది. అప్పుడు కడుపుతో ఉన్న ఆ పిల్లే వద్దంటుంది. బేరమాడిన మనిషి తనకి అక్కరలేదని, తన కష్టం మీద బతకడానికి బయల్దేరుతుంది.

మనకి 'వరవిక్రయం' ఉంది కదా. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం 1939లో సినిమా అయింది. భానుమతిగారు మొట్టమొదట తెరమీదికి వచ్చింది అందులో కాళింది వేషంతోనే. కాళింది కట్నం పెళ్ళి ఇష్టంలేక ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల పెళ్ళిచేసుకుని, డబ్బుపోసి కొన్న వరుడు కొన్నవారింటికే రావాలని వాదిస్తుంది. కాళిందినీ కమలనూ రీనీనీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ముగ్గురిదీ ఒకే బాధ. రీనీ బతికి ఉంది, బేరాన్నే కాదని నడిచిపోయింది. మన ఆడపిల్లలకి చెప్పవలసిన కథ ఏదో మీకే తెలుస్తుంది.

గ్రీసులో కూతురికి కట్నం ఇవ్వడం తండ్రి బాధ్యత అని ఒకప్పుడు చట్టంలోనే ఉండేది. మహిళా సంఘాలు పోరాడాయి. 1983లో కుటుంబ చట్టాన్ని మార్చి ఆ పద్ధతిని తీసివేశారు. ఆ మరుసటి ఏడే మార్కెతాకీ చిత్రం వచ్చింది. మనకి ఆంధ్రప్రదేశ్‌లో 1958లోనే, దేశమంతటికీ 1961లోనే కట్న నిషేధ చట్టాలు వచ్చాయి. అంటే చట్టం చేయడంలో వారికంటే మనమే ముందు. అయినా 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో నమోదైన వరకట్న మరణాలు 6,450. చట్టం కాగితంమీద ఉంది. ఇంట్లో, పెళ్ళిచూపుల చాపమీద, "మీ ఇష్టం, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదే కదా" అన్న తియ్యటి మాటల్లో బేరం మాత్రం నడుస్తూనే ఉంది. ఆ మాట అనే వాళ్ళలోనూ, విని తల ఊపే వాళ్ళలోనూ మనమే ఉంటున్నాం.

అందుకే ఒక మనవి. శనివారం మధ్యాహ్నం మీ అపార్టుమెంటులో నలుగురు ఒక ఇంట్లో కూడండి. పెళ్ళికి ఎదిగిన ఆడపిల్లలనీ, ముఖ్యంగా మగపిల్లలనీ కూడా కూర్చోబెట్టుకోండి. గ్రీకు చిత్రం కానివ్వండి, 'వరవిక్రయం' కానివ్వండి, ఒకటి చూసి, టీ తాగుతూ ఒక్క అరగంట దాన్ని గురించి మాట్లాడుకోండి. "మన వాడికి ఎంత అడగాలి" అన్న ప్రశ్న ఆ గదిలో పైకి అడగడానికి ఎవరికైనా నోరు రాకపోతే, ఆ మధ్యాహ్నం వృథా కాలేదన్నమాటే.