నగరవాసము – నేతవారి త్రోవ



ఉద్యోగవిరమణానంతరము పంతులు పల్లె విడిచి హైదరాబాదు చేరినాడు, ఆ పొగలో నేమి సుఖమని బంధువు లనుకొనుట మా చెవిని బడినది. వారికి సమాధానము చెప్పుటయు, నేడు సభ యెదుటికి రానున్న వసతిగృహ తీర్మానమును బలపరచుటయు నొక్కటే పనియని తోచి యీ నాలుగు మాటలు వ్రాసికొని వచ్చితిమి.

పల్లెలో శాంతి కలదందురు. కలదు; మగ్గము చప్పుడు మానిన యింటను శాంతియే కలదు. పల్లెను వేనోళ్ల బొగడువారిలో బెక్కురు పట్టణమున మేడలు గట్టుకొనినవారే. మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల బావినీటిలోని ఫ్లోరైడువలన నెముకలు వంగిపోయిన వారిని మే మెరుగుదుము. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమగుటకు బూర్వ మా శాంతిలోని త్రాగునీ రట్టిది. పాలమూరు సంగతి చెప్పనేల? వాన దప్పిన యేట నింటికి తాళము వైచి ముంబయి, పూనాలకు బోయిన కుటుంబముల నా జిల్లా యెరుగును. 2011 జనగణనమున నచట నూటికి 15 మందియే పట్టణవాసులు. దాపున పట్టణము లేనివాడు దూరపు పట్టణమునకు బోవును. షోలాపురము, భివండులలో మనవారి వాడలు వెలయుటకు గారణ మిదియే.

నేతవానికి నగరము క్రొత్తగాదు. మాళవదేశమునందలి దశపురమున, అనగా నేటి మందసోరున, వత్సభట్టి రచించిన సంస్కృతశాసన మొకటి దొరకినది. లాటదేశమునుండి పట్టునేతగాండ్ర శ్రేణి యొకటి యా పురముయొక్క గుణములను విని, మార్గశ్రమమును లెక్కింపక, ఆలుబిడ్డలతో వలసవచ్చెనని యందున్నది. వారిలో గొందరు నేతయే సాగించిరి. కొందరు విలువిద్య నేర్చిరి. కొందరు జ్యోతిషమున, కొందరు కథాకథనమున నారితేరిరి. శ్రేణిధనముతో క్రీ.శ. 436 ప్రాంతమున సూర్యాలయమును గట్టించి, 473 ప్రాంతమున జీర్ణోద్ధరణము గావించిరి. కులవృత్తిని విడిచినవారు కారు, దానికి బందీలును గారు. లాటదేశమున నుండిపోయిన వారి బంధువు లేమనుకొనిరో శాసనమున లేదు!

మన కాలపు నిదర్శనము గలదు. పోచంపల్లి చీరకు ఆసు పోయుట మన స్త్రీలపని. ఒక్క చీరకు వేలమారులు చేయి జాపి త్రిప్పవలెను. రాత్రికి భుజము పట్టివేయును. తల్లి పడు నీ బాధను జూడజాలక ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాస్తవ్యులు శ్రీ చింతకింది మల్లేశముగారు యంత్రము గట్టబూనిరి. పల్లెలో నేండ్లు గడచినను పని సగముననే నిలిచెను. జీవికకై హైదరాబాదు వచ్చి, బాలానగరున నొక కర్మశాలలో యంత్రపు కదలికను జూచి, లోపించిన కిటుకును గ్రహించిరి. 1999లో యంత్రము సిద్ధమైనది. దానికి దల్లిపేర లక్ష్మీఆసుయంత్రమని నామకరణము చేసిరి. 2017లో పద్మశ్రీ వచ్చినది. ప్రేమ పల్లెది, కిటుకు పట్టణముది. ఆ యంత్రము మరల బల్లెకే పోయినది. పట్టణమునకు బోయినవాడు పల్లెకు ద్రోహియను మాట యిట నెట్లు పొసగును?

ఇక తీర్మానము. నిధితో స్వగ్రామములందు గళ్యాణమండపములు గట్టవలెనని కొందరు, నగరమున బాలికల వసతిగృహము నెలకొల్పవలెనని కొందరు. పెండ్లి మూడునాళ్లది. అద్దెగది దొరకక చదువు మానుకొని, మగ్గమువద్ద గండెలు చుట్టుచున్న బిడ్డ లెందరో మన యిండ్లలోనే యున్నారు. 1918లో రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారు, మన పాలమూరువారే, హైదరాబాదున రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. పల్లెపిల్లలకు నగరమున గూడు గల్పించుటచే నా కులమున కెంత మేలు కలిగెనో ఈ శతాబ్దము చూచినది. సురవరము ప్రతాపరెడ్డిగా రంతటివారు దాని కార్యదర్శిత్వము వహించిరి. మనము నూరేండ్లు వెనుకబడితిమి.

ఇరువదిమంది బాలికలకు జోటు, రెండు వంటగదులు, చిన్న గ్రంథాలయము: మొదట నింతియే కోరుచున్నాము. మా పింఛనునుండి నొక నెల భాగమును కోశాధికారిగారికి ముందే యొప్పగించితిమి. చందా పుస్తకము వేదికకు గుడిప్రక్కనున్నది.