పిడికెడు బియ్యం



‘దేవుడు చూసుకుంటాడు’ అని మా క్రైస్తవుల ఇళ్లలో తరచూ అంటాం. ఎలా చూసుకుంటాడో మెదక్ చర్చి చెబుతుంది. కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవారికి చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర ఆ కట్టడం మీద పని ఇచ్చి, అన్నం పెట్టారు. 1924 డిసెంబర్ 25న చర్చిని ప్రతిష్ఠించారు. గోపురం 175 అడుగులు. ఇంజినీరుగా ఆ ఎత్తు నాకు గొప్పే. తిన్న అన్నం కష్టార్జితమని కూలీలు తలెత్తుకోగలగడం ఇంకా గొప్ప.

మన చర్చిల్లో తల్లులు ఎసట్లో పోసే ముందే పిడికెడు బియ్యం దేవునికని తీసిపెట్టేవారు. మిగిలాక ఇచ్చింది కాదది, ఇంటికి సరిపోతుందో లేదో తెలియకముందే తీసింది. బైబిల్లో సారెపతు విధవరాలు కూడా ఉన్న కాస్త పిండితో ముందు ఏలీయాకే రొట్టె చేసింది. విశ్వాసమంటే అదీ. పది ఇస్తే నూరు వస్తుందని ఇస్తే అది వ్యాపారం.

నాదర్‌గుల్‌లో పొలాలు ప్లాట్లయ్యాయి. అమ్ముకున్నవారికి డబ్బు వచ్చింది, ఆ పొలాల్లో నాట్లు వేసినవారికి పని పోయింది. వాళ్ల పిల్లలూ చదువుకోవాలి. ‘దేవుడు చూసుకుంటాడు’ అని వాళ్లతో అనేముందు మన పిడికిలి తెరవాలి. మనది ఏ మతమైనా సరే, ఒక్కో బ్యాచ్ ఒక్కో బిడ్డ ఫీజు, పుస్తకాల ఖర్చు భరిద్దాం. ఇచ్చిందెవరో ఆ బిడ్డకు తెలియనక్కర్లేదు.