కండరాల జబ్బు: ఒక తండ్రి మాట
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)



నేను వక్తను కాను. ఎస్సెస్సెల్సీ చదివి రైల్వేలో టికెట్ల గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. మా నాయనగారు గుంతకల్లు వైపు నుండి ఉద్యోగరీత్యా బళ్ళారి వచ్చి స్థిరపడ్డారు. కార్యదర్శిగారు నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు, మా అబ్బాయి జబ్బును గురించి చెబుతానన్నాను. మా మేనత్తకిది నచ్చలేదు. "పండుగనాడు జబ్బుల మాటేమిరా? ఇంట్లో ఆడపిల్ల ఉంది. నలుగురికీ తెలిస్తే రేపు దాని పెండ్లి ఎట్లా?" అన్నది. ఆమెకు ఇంట్లో జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

మావాడు ఆలస్యంగా నడిచాడు. మూడో ఏట నుండి తరచు పడేవాడు. నేలమీద నుండి లేవాలంటే బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, తరువాత మోకాళ్ళమీద, తొడలమీద చేతులు వేసుకుంటూ తన ఒంటిమీద తానే ఎగబ్రాకినట్లు లేచేవాడు. మేము సోమరితనమనుకున్నాము. ఒకసారి నేను చేయి కూడా చేసుకున్నాను. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉండేవి. చుట్టాలు చూసి "పహిల్వాను పిక్కలురా వీడివి" అని మురిసిపోయేవారు. ఆ పిక్కలూ, ఆ లేవడమూ జబ్బు గుర్తులే. అట్లా లేవడాన్ని 1879లోనే గవర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించి పెట్టాడట. మా ఇంట్లో కళ్ళెదుట జరుగుతున్నది మాకు కనబడలేదు.

2019లో, వాడి అయిదో ఏట, రక్తపరీక్ష చేయించాము. సి.కె. అనేది రెండు మూడు వందల లోపల ఉండవలసినది, వీడికి వేలల్లో వచ్చింది. హంపి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వెళ్ళి నిమ్హాన్స్‌లో చూపించాము. జన్యుపరీక్షలో తేలింది. డుషెన్ కండరాల క్షీణత.

ఇక్కడ సరిహద్దు తమాషా ఒకటి చెప్పాలి. ఊళ్ళో వైద్యుడు కన్నడంలో "స్నాయు" రోగమన్నాడు. కన్నడంలో స్నాయు అంటే కండరం. మా ముసలివాళ్ళు స్నాయువంటే నరమనుకున్నారు. ఇక నరాల బలహీనతకని టానిక్కులూ, తైలాలూ. ఒక వ్యాయామం మాస్టరు బలం వస్తుందని బస్కీలు తీయించాడు. మేమూ దగ్గరుండి తీయించాము. ఆ రాత్రులు పిల్లవాడు కాళ్ళ నొప్పులతో ఏడ్చేవాడు.

సంగతేమిటంటే, మన కండరాల్లో డిస్ట్రొఫిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. దాని జన్యువును 1986–87లో అమెరికాలో కనుగొన్నారు. మా రైల్వే భాషలో చెబితే అది బోగీల మధ్య బఫరు వంటిది. బఫరు లేని బండి ప్రతి కుదుపుకూ దెబ్బతింటుంది. అట్లాగే ఈ పిల్లల కండరం వాడినకొద్దీ చితికి, దాని చోట కొవ్వు చేరుతుంది. సుమారు అయిదు వేల మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. పన్నెండేళ్ళు వచ్చేసరికి చాలామందికి నడక పోతుంది. తరువాత గుండె, ఊపిరి.

ఇప్పుడు మా అత్త మాటకు వస్తాను. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగబిడ్డకు అది తల్లి నుండే వస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకొని నా భార్యను అనని మాట లేదు. ఆమె నాకు మేనమామ కూతురే. అందువల్ల మేనరికాన్ని కూడా కలిపి తిట్టారు. వేరే కండరాల జబ్బులు కొన్నిటికి మేనరికం తోడౌతుంది గాని, దీనికి సంబంధం లేదు. పైగా ఇట్టి పిల్లలు ముగ్గురిలో ఒకరికి, తల్లిలో ఏ లోపమూ లేకుండానే, కొత్తగా పుట్టుకొస్తుంది. నా భార్యకూ పరీక్ష చేశారు. ఫలితమేమిటో ఈ సభకు చెప్పను. ఏది వచ్చినా అది ఆమె చేసిన పని కాదు. ఆ లోపం మోసే ఆడవారికి కూడా కొందరికి గుండె బలహీనపడుతుంది, కాబట్టి పరీక్ష అవసరమే. అది ఆమె ఆరోగ్యం కోసం, ఆమె అక్కచెల్లెళ్ళ కోసం. నిందవేయడానికి కాదు. మా అమ్మాయి పెద్దదై తానే అడిగితే అప్పుడు చేయిస్తాము. దాచి పెండ్లి చేయము.

మందు ఉన్నదా అని అడుగుతారు. నయంచేసే మందు లేదు. స్టెరాయిడు మాత్రలు నడకను కొన్నేళ్ళు నిలుపుతాయి. ఒళ్ళు వస్తుంది, అయినా మనంతట మనం హఠాత్తుగా మానరాదు. రోజూ మడమలు సాగదీయాలి. ఏటేటా గుండె చూపించాలి. ఏ ఆపరేషనుకైనా మత్తు ఇచ్చే వైద్యునికి ఈ జబ్బు పేరు ముందే చెప్పాలి, ఇది ప్రాణాల మాట. 2023లో అమెరికాలో ఒక జన్యుచికిత్సకు అనుమతి ఇచ్చారు, ధర ముప్ఫై రెండు లక్షల డాలర్లు. 2025లో అది తీసుకున్న, నడక పోయిన పిల్లలిద్దరు కాలేయం చెడి మరణించారు. మూలకణాల ఇంజక్షన్లని ప్రకటనలిచ్చేవారికి నేనూ ఒక రాత్రి ఫోను చేశాను. నగలు అమ్ముదామన్నాను. నా భార్యే వద్దన్నది.

2016 చట్టంలో ఈ జబ్బు పేరు వికలాంగుల జాబితాలో ఉంది. సర్టిఫికెట్టు తీసుకోండి. తోడు లేనిదే ప్రయాణించలేని వారికి స్లీపరులో, మూడవ ఏసీలో నూటికి 75 వంతులు రాయితీ. తోడుగా వచ్చే ఒకరికీ అంతే. ఎందరి కన్సెషన్ ఫారాలో నా చేతి మీదుగా పోయాయి. అప్పట్లో ముద్ర సరిగా ఉన్నదా అని చూసేవాణ్ణే గాని మనిషిని చూసేవాణ్ణి కాదు. ఇట్టి బిడ్డలున్న కేంద్రప్రభుత్వోద్యోగులకు బదిలీలో మినహాయింపు ఇవ్వవచ్చని 2014లో ఉత్తర్వు ఉంది. అడగాలి, అడగనిదే రాదు.

మావాడికిప్పుడు పదకొండేళ్ళు. మొన్న దసరా నుండి చక్రాల కుర్చీ. కోట కొండ చూపించి, "నాన్నా, నేనెప్పుడు ఎక్కుతాను?" అన్నాడు. అయిదేళ్ళపాటు "కాళ్ళు బాగవుతూనే ఎక్కుదాం" అంటూ వచ్చాను. ఆనాడు నోరు రాలేదు. "నీ కాళ్ళతో ఎక్కలేవు నాయనా" అన్నాను. వాడు కాసేపు కొండవైపే చూసి, "నాకు తెలుసులే. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా" అన్నాడు. మరుసటి ఆదివారం వాడి స్నేహితులు ఇద్దరు, తెలుగువాడొకడు, కన్నడిగుడొకడు, కొండ ఎక్కి పైనుండి ఫోనులో ఊరంతా చూపించారు. రైల్వే స్టేషను ఎక్కడని వీడు కింద నుండి వాళ్ళకు దారి చెప్పాడు.

ఈ సభను మేడమీద గాక కింది హాలులో పెట్టినందుకు సంఘంవారికి కృతజ్ఞుణ్ణి. తలుపు ప్రక్కన నీలం చొక్కాతో ఉన్నవాడు మావాడే. దగ్గరకు వెళ్ళి "అయ్యో" అనకండి. గుంతకల్లుకు ఏ బండి ఎన్నింటికో అడగండి. నాకన్న వాడికే బాగా తెలుసు.