మొర వినని సభ

అర్జీని త్రోసిపుచ్చుట వేరు. అర్జీని చేతబట్టుటకే నిరాకరించుట వేరు. ఈ రెంటికిని గల భేదముపై అమెరికా ప్రతినిధుల సభలో ఎనిమిదేండ్లకు పైగా పోరాటము సాగినది. ఈ పూట ప్రసంగమునకు అదియే విషయము.

1830 తరువాత ఉత్తర రాష్ట్రములలోని బానిసత్వ వ్యతిరేక సంఘములవారు కాంగ్రెసునకు వేలకొలది మహజరులు పంపసాగిరి. రాష్ట్రములలోని బానిసత్వముపై కాంగ్రెసునకు అధికారము లేదని నాటివారి సామాన్యాభిప్రాయము. కాని రాజధానియగు వాషింగ్టను ఉన్న కొలంబియా జిల్లా నేరుగా కాంగ్రెసు పాలనలోనిది. కావున అచ్చటనైనను మనుష్యుల క్రయవిక్రయములను, బానిసత్వమును మాన్పింపుడని వారి ప్రార్థన. చేవ్రాలు చేసినవారిలో స్త్రీలు పెక్కుమంది. వారికి వోటు లేదు. ప్రభుత్వమునకు తమ మాట చేర్చుటకు వారికున్న దారి దాదాపు ఇదియొక్కటే.

దక్షిణాది సభ్యులకిది కంటకమయ్యెను. ఉత్తరాదివారిలోను పలువురు పార్టీ ఐక్యము కొరకు వారికి తోడుపడిరి. 1836 మే 26న సభ ఒక తీర్మానము గైకొనెను. అనుకూలముగ 117, ప్రతికూలముగ 68 వోట్లు. బానిసత్వమునకు సంబంధించిన ఏ అర్జీనైనను అచ్చువేయక, ఏ చర్యయు తీసికొనక, బల్లపై నుంచివేయవలెనని దాని సారాంశము. నోట గుడ్డ క్రుక్కు నిబంధనయని దానికి పేరు వచ్చెను.

దీని నెదిరించినవారిలో ముఖ్యుడు జాన్ క్విన్సీ ఆడమ్స్. 1825 మొదలు 1829 వరకు దేశాధ్యక్షుడుగ నుండి, రెండవమారు ఓడిపోయి, మసచూసెట్స్ నుండి దిగువసభలో సామాన్య సభ్యుడుగ ప్రవేశించిన వృద్ధుడు. అంత పదవి నేలినవాడు ఇంత చిన్న పీటపై కూర్చుండుట యెట్లను సంకోచము ఆయనకు లేకపోయెను. ఒక విషయము దాచరాదు. కొలంబియా జిల్లాలో బానిసత్వమును వెంటనే రద్దుచేయవలెనని మొదట కోరినవాడు కాడాయన. కోరిక మంచిదా కాదా యన్నది వేరు మాట, కోరుకొనుటకు హక్కు కలదా యన్నది వేరు మాటయని ఆయన వాదము. ఆ పోరాటమునకు బలమిచ్చినది ఈ వివేకమేయని నాకు తోచుచున్నది.

1837 ఫిబ్రవరి 6న ఆయన లేచి, తన చేతనున్న కాగితము ఇరువదియిద్దరు బానిసలు పంపినట్లున్నదనియు, అది నిబంధన క్రిందికి వచ్చునా యనియు స్పీకరు జేమ్స్ పోక్‌ను వినయముగ నడిగెను. సభ అగ్గిమీద గుగ్గిలమయ్యెను. ఆయనను దండింపవలెనని తీర్మానములు వచ్చెను. కేకలు సాగిన పిమ్మట ఆయన తాపీగ, ఆ అర్జీ కోరునది బానిసత్వ నిర్మూలనము కాదు, దానికి సరిగా విరుద్ధమని తెలిపెను. అరచినవారి ముఖములెట్లుండెనో శ్రోతలే ఊహించుకొందురుగాక! కాని ఆ పరిహాసము క్రింద గట్టి ప్రశ్న కలదు. మొర పెట్టుకొనుట యనగా దయను యాచించుటయే గదా. అల్పుడనియు నీచుడనియు చెప్పి ఒకనికి ఆ హక్కును తీసివేయు చట్టమెక్కడనున్నదని ఆయన నిలదీసెను.

1840 జనవరిలో సభ మరియొక మెట్టు దిగి, అట్టి అర్జీలను స్వీకరింపనే రాదని శాశ్వత నిబంధన చేసికొనెను. ఈసారి తేడా ఆరు వోట్లే: 114, 108.

1842 జనవరిలో హేవరిల్ పట్టణపు పౌరులు నలుబదియార్గురు రాష్ట్రముల ఐక్యమునే శాంతియుతముగ రద్దుచేయుడని పంపిన మహజరును ఆడమ్స్ సభ ముందుంచెను. దానిని ఆయన సమర్థింపలేదు. ఎందుకు కాదనవలెనో కారణములు చూపి బదులీయుడనెను. అంతియే చాలెను. కెంటకీ సభ్యుడు థామస్ మార్షల్ తెచ్చిన అభిశంసన తీర్మానములో రాజద్రోహమను మాటయు చేరెను. డెబ్బదినాలుగేండ్ల ఆడమ్స్ మొట్టమొదట చేసిన పని, స్వాతంత్ర్య ప్రకటనను చదివి వినిపింపుమని గుమాస్తాను కోరుట! చెడిన ప్రభుత్వమును మార్చుకొను హక్కు ప్రజలకు కలదను భాగము వచ్చువరకు చదివించెను. బానిసత్వమును గూర్చి మాటయే వినబడరాదని పట్టుబట్టినవారు ఇంచుమించు రెండు వారములు ఆ మాటయే వినవలసివచ్చెను. తన సమాధానమునకింకను కొన్ని దినములు కావలెనని ఆయన చెప్పగా, సభ విసిగి, ఫిబ్రవరి 7న 106 వోట్లతో, 93 ప్రతికూలముగ, ఆ తీర్మానమును బల్లపైన పడవైచెను.

1844 డిసెంబరు 3న ఆయన ప్రతిపాదన 108 వోట్లకు 80గా నెగ్గి, నిబంధన తొలగిపోయెను. 1848 ఫిబ్రవరి 21న ఆయన సభలో తన స్థానమునందే కుప్పకూలి, రెండు దినములకు స్పీకరు గదిలో కన్నుమూసెను. ఆ అర్జీలు కోరిన కార్యమును, అనగా కొలంబియా జిల్లాలో బానిసత్వ నిర్మూలనమును, కాంగ్రెసు 1862 ఏప్రిలులోగాని చేయలేదు.