తోటివానిని దరిచేర్చుట

సముద్రగర్భమున విహరించుట మాకు మొదట కేవలము వేడుక. వీపున గాలి సిలిండరు, నోట రెగ్యులేటరు, కన్నులకు అద్దము ధరించి, అండమానులలోని స్వరాజ్‌ద్వీపము చెంత పగడపు దిబ్బలను, వాని నడుమ మెరయు చేపలను చూచి మురియుచుంటిమి. 1943లో ఫ్రాన్సు దేశీయులగు జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ రూపొందించిన సాధనము వలన ఈ వేడుక మావంటి సామాన్యులకును అందినది.

ఒకనాడు మా మిత్రుడొకడు నీటిపైకి వచ్చినంతనే ముఖమున అల తాకి, బెదరి, నోటి రెగ్యులేటరును ఊడదీసికొని చేతులు కొట్టుకొనసాగెను. మేము నాలుగు బారల దూరముననే ఉంటిమి. ఏమి చేయవలెనో తోచలేదు. పడవవాడు తాడు విసరుటచే గండము గడచినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పక్కనే ఉండియు తోటివానికి అక్కరకు రాని విద్య ఏమి విద్య? ఆ ప్రశ్నయే మమ్ము రక్షణ శిక్షణకు నడిపించినది.

అచ్చట తొలి పాఠము వింతగా తోచినది: ముందు నిన్ను నీవు కాపాడుకొనుము. ఆగుము, ఊపిరి తీయుము, ఆలోచింపుము, పిదప పని చేయుము. నిదానమే ప్రధానమని మన పెద్దలన్నదియు ఇదియే కదా!

మా గురువు మునుగువానివలె నటించెను. మేము ఆత్రముతో ఎదురుగా పోయితిమి. ఆయన మా భుజములపైకెక్కి మమ్మే ముంచెను! బెదరినవానికి బలమెక్కువ, వివేకము తక్కువ. కావున దూరమునుండియే తేలెడి వస్తువును అందింపవలెను. అది లేనిచో వెనుకకు చేరి, సిలిండరును పట్టుకొని, అతని చొక్కాలో గాలి నింపవలెను. పట్టుబడినచో క్రిందికి మునుగవలెను. అతడు కోరునది పైభాగము గనుక పట్టు విడుచును.

అన్నిటికన్న కష్టమైనది, అడుగున స్పృహ తప్పినవానిని తెచ్చుట. పది మీటర్ల లోతున పీడనము ఉపరితలమునకు రెండింతలు. అచ్చట నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో, అది రెండింతలుగా వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. కావున రక్షకుడు తాను ఊపిరి బిగబట్టక, తొందరపడక పైకి తేవలెను. పైకి వచ్చిన పిదప బరువులను విడిచి, అయిదు సెకండ్ల కొకసారి అతనికి శ్వాస నిచ్చుచు, నడుమ సామగ్రి విప్పుచు, పడవవైపు లాగుకొని పోవలెను. మొదటి దినమున కట్లు విప్పుటలో పడి మేము లెక్క మరచితిమి. “నీ మిత్రుడు ఇప్పుడు ఊపిరి లేకున్నాడు” అని గురువు మెల్లగా అనెను. ఆ మాట మందలింపుకన్న గట్టిగా తగిలినది. మూడవ దినమున లెక్క తప్పలేదు.

మీలో అనేకులు సముద్రములోనికి దిగకపోవచ్చును. కాని ఊరి చెరువు, కాలువ, గోదావరి రేవు అందరికిని ఉన్నవి. ఎవరైన మునుగుచుండ కంగారుతో దూకి, ఒకరికి బదులు ఇద్దరు పోవుట మనము వినుచునే యున్నాము. ముందు కేక వేసి పదిమందిని పిలువుడు. తాడో, గడకఱ్ఱయో, కట్టుకొన్న పంచయో గట్టునుండియే అందింపుడు. దయ ఒక్కటియే చాలదు. దానికి నేర్పు తోడు కావలెను. మేము సముద్రమున నేర్చినది ఇంతే.