“నేనేం గెలిచాను?”
(సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుడు ఇదే వేదిక మీద ఐదేళ్ళలోపు పిల్లలను కూర్చోబెట్టి భోగిపళ్ళు పోశాము. రేగుపళ్ళు చాలక క్రాన్‌బెర్రీలు కలిపాము. చెరకుముక్కలు, బంతిపూరేకులు, చిల్లర నాణేలు మామూలే. పళ్ళు నెత్తిన పడుతుండగా నాలుగేళ్ళ పాప ఒకతె తలెత్తి, “అమ్మమ్మా, నేనేం గెలిచాను?” అని అడిగింది. అందరమూ ఘొల్లుమన్నాము. ఇల్లు చేరాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదలలేదు.

పాప తప్పేముంది? ఈ వేదిక ఎక్కిన పిల్లలు బహుమతి పుచ్చుకొని దిగడమే ఆమె చూసింది. నిరుటి కార్యక్రమ పత్రం తీసి చూశాము. బహుమతి ప్రదానానికి గంటన్నర, భోగిపళ్ళకు పది నిమిషాలు. ఆ పత్రం వేసింది మేమే.

రేగుపండును మన పెద్దలు బదరీఫలమన్నారు. బదరీవనంలో తపస్సు చేసిన నరనారాయణులపై దేవతలు ఆ పళ్ళు కురిపించారని చెబుతారు. దిష్టి తీయడం ఒక వంక; ఆ కాసేపూ బిడ్డను నారాయణుడుగా చూడడం అసలు సంగతి. ఆ బిడ్డకు చాలాసార్లు అక్షరాభ్యాసమైనా అయి ఉండదు. ఏమీ సాధించలేదు, మన ఇంట పుట్టాడు, అంతే.

అయితే పాతకాలమంతా బంగారమని మేము అనబోము. ఇంట్లో బాలకృష్ణుడని ముద్దాడిన బిడ్డనే వీధిబడిలో కోదండం వేశారు. చలంగారు ‘బిడ్డల శిక్షణ’ ఊరికే రాయలేదు. మనం కాపురముంటున్న ఈ న్యూజెర్సీలో బడిలో పిల్లలను కొట్టరాదని 1867లోనే చట్టమైంది. ఆ మేలు మనం మరువరాదు.

బెత్తం పోయింది, దాని చోట టైంటేబుల్ వచ్చింది. సోమవారం కూచిపూడి, మంగళవారం లెక్కలు, గురువారం ఈత, శనివారం స్పెల్లింగు. 2019 జాతీయ స్పెల్లింగ్ బీలో ఎనిమిదిమంది కలిసి గెలిస్తే ఏడుగురు భారతీయ కుటుంబాల పిల్లలే. టీవీ ముందు మేమూ చప్పట్లు కొట్టాము, ఇకముందూ కొడతాము. కానీ భాగవతంలో హిరణ్యకశిపుడు కూడా గురువుల దగ్గరనుంచి వచ్చిన కొడుకును తొడమీద కూర్చోబెట్టుకొని, ఏం చదువుకున్నావనే అడిగాడు. పిల్లవాడు కారెక్కగానే మనం అడిగేదీ అదే గదా! ప్రహ్లాదుడి జవాబు ఆ తండ్రి ఊహించినది కాదు. మన పిల్లల దగ్గరా అటువంటి జవాబేదో ఉండవచ్చు. అది చెప్పడానికి వాళ్ళకు ఖాళీ సాయంత్రం ఒక్కటైనా మిగిల్చామా?

అందుకే ఈ ఏడు బహుమతులను ఉగాదికి మార్చాము. కార్యవర్గంలో పెద్ద తర్జనభర్జనే జరిగింది. కొందరు తల్లిదండ్రులకు మా మీద కోపంగా ఉన్నది. వారి పిల్లలు ఏడాదంతా కష్టపడ్డారు, ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. బహుమతులు ఎక్కడికీ పోవు.

ఆ పాప ఇవాళా వచ్చింది, మూడో వరుసలో ఉన్నది. ఐదు నిండాయి కనుక లెక్క ప్రకారం కూర్చోబెట్టరాదు. ఈ ఒక్కసారికి పెద్దలు చూసీ చూడనట్టు పోవాలి. అమ్మమ్మలూ నాయనమ్మలూ దయచేసి వేదిక పక్కకు రండి. నాణేల్లో డైములే వేయండి, క్వార్టర్లు వద్దు. చిన్న తలలకు గట్టిగా తగులుతాయి.